అన్నీ నార్మలే అన్న రిపోర్టు, ముదిరిన ఫైబ్రోసిస్: ఒక కేసు

58 ఏళ్ల పురుషుడు. టైప్ 2 మధుమేహం వచ్చి పదకొండేళ్లు. బీఎంఐ 31. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, బీపీకి ఒక మాత్ర, కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ వాడుతున్నారు. మద్యం అలవాటు లేదు. ఆ మాట ఆయన దగ్గరా, విడిగా ఆయన భార్య దగ్గరా రూఢి చేసుకున్నాం. రోగిని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను.

ఆయన లివర్ కోసం రాలేదు. పిత్తాశయంలో రాళ్లున్నాయి, ఆపరేషన్ చేయించుకోవాలా అని అడగడానికి వచ్చారు. నొప్పి లేదు, జ్వరం లేదు, కామెర్లు లేవు. అలాంటి రాళ్లకి కత్తి అక్కర్లేదు. ఆ సంగతి తేలడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. కానీ అదే స్కాన్ రిపోర్టు చివర్లో "గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్" అన్న లైను ఉంది. "అది ఎప్పట్నుంచో ఉందండీ, లివర్ టెస్టులన్నీ నార్మలే" అన్నారాయన. నిజమే. లివర్ ఎంజైములు ఏఎస్‌టీ 38, ఏఎల్‌టీ 27, ప్లేట్‌లెట్లు 1,58,000, బిలిరుబిన్ 0.8, ఆల్బుమిన్ 4.1. రిపోర్టులో ఒక్క అంకె పక్కన కూడా హెచ్చు తగ్గుల గుర్తు లేదు.

ఈ అంకెలతోనే ఫిబ్-4 లెక్క వేశాను. లివర్‌లో ఫైబ్రోసిస్, అంటే మచ్చ, ఎంత ఉండొచ్చో వయసుతో, రక్త పరీక్షలతో అంచనా వేసే స్కోరు అది. వయసుని ఏఎస్‌టీతో గుణించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ఆయన విషయంలో పైన 2204, కింద సుమారు 821. స్కోరు 2.68.

ఫ్యాటీ లివర్‌లో వాడే హద్దులు రెండు. 1.3 కంటే తక్కువైతే ముదిరిన ఫైబ్రోసిస్, అంటే ఎఫ్3 లేదా ఎఫ్4 (ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా ఉన్న మెట్లలో చివరి రెండు; ఎఫ్4 అంటే సిరోసిస్), ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే ఎక్కువ. మధ్యలో పడితే ఇంకో పరీక్ష కావాలి. ఈయన పై హద్దుని వెంట్రుకవాసి దూరంలో దాటారు. ఏఎస్‌టీ 38 బదులు 37 వచ్చి ఉంటే స్కోరు 2.61 అయ్యేది, పేరుకి "అనిశ్చితం" గదిలో పడేది. ఉదయం ఇచ్చిన రక్తానికీ సాయంత్రం ఇచ్చిన రక్తానికీ ఒక యూనిట్ తేడా సహజం. అందుకే 2.68ని తీర్పుగా తీసుకోను. ఏ అంకె ఈ స్కోరుని పైకి లాగింది, ఎందుకు లాగింది అని విప్పి చూస్తాను. ఈ కేసంతా ఆ విప్పడమే.

పాత ఫైలు చెప్పిన సంగతి

అదృష్టం కొద్దీ ఆయన కాగితాలు దాచుకునే మనిషి. ఐదేళ్ల కిందటి రిపోర్టులో ఏఎస్‌టీ 36, ఏఎల్‌టీ 52, ప్లేట్‌లెట్లు 2,46,000. మూడేళ్ల కిందట ఏఎస్‌టీ 39, ఏఎల్‌టీ 41, ప్లేట్‌లెట్లు 2,04,000. ఇప్పుడు 38, 27, 1,58,000. అప్పటి వయసులతో లెక్క వేస్తే ఫిబ్-4 వరసగా 1.08, 1.64, 2.68.

మధ్యలో ఒక చోట చీటీ మీద "ఎంజైములు మెరుగయ్యాయి, ఇవే మందులు కొనసాగించండి" అని రాసి ఉంది. ఏఎల్‌టీ 52 నుంచి 41కి దిగిందని చూసి రాసిన మాట. చూసే తీరు అదే అయితే ఎవరైనా అలాగే రాస్తారు. ఏఎల్‌టీ తగ్గితే సంతోషించడం మనందరికీ అలవాటైపోయింది. కానీ దీర్ఘకాలిక లివర్ జబ్బులో ఏఎల్‌టీ రెండు కారణాల వల్ల తగ్గుతుంది. వాపు నిజంగా తగ్గడం ఒకటి. మచ్చ ముదిరి, ఎంజైము వదలడానికి మిగిలిన కణాలు తగ్గిపోవడం రెండోది. ఏఎల్‌టీ ఒక్కదాన్నే చూస్తే ఈ రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

తేడా పక్క అంకెల్లో ఉంటుంది. వాపు తగ్గితే ఏఎస్‌టీ కూడా దానితో పాటు దిగాలి. ఈయనకి దిగలేదు. ఐదేళ్లలో ఏఎస్‌టీ ఉన్నచోటే ఉంది, ఏఎల్‌టీ సగమైంది, రెండింటి నిష్పత్తి ఒకటిని దాటి 1.4కి వచ్చింది. రక్తంలోని ఏఎస్‌టీని తీసేసే పనిలో లివర్ సైనుసాయిడ్ల (లోపలి సన్నని రక్తనాళాల) గోడ కణాలది ప్రధాన పాత్ర. మచ్చతో అవి దెబ్బతింటే ఏఎస్‌టీ రక్తంలో ఎక్కువసేపు నిలిచిపోతుంది. ఇక ప్లేట్‌లెట్లు 88 వేలు తగ్గాయి. దీనికి దారులు రెండు: పోర్టల్ సిరలో (పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే నాళంలో) ఒత్తిడి పెరిగి ప్లీహం ఉబ్బితే అది ప్లేట్‌లెట్లని తనలో పట్టి ఉంచుతుంది; ప్లేట్‌లెట్ల తయారీని పురికొల్పే త్రాంబోపాయిటిన్ లివర్‌లోనే పుడుతుంది కాబట్టి లివర్ దెబ్బతింటే అదీ తగ్గుతుంది. పాత స్కాన్‌లో ప్లీహం పొడవు 10.6 సెంటీమీటర్లు, కొత్తదాంట్లో 12.4. రెండు రిపోర్టుల్లోనూ "ప్లీహం నార్మల్" అనే ఉంది. ఏ స్కాన్‌కి ఆ స్కాన్ తీసుకుంటే అది తప్పు కాదు కూడా.

లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా నార్మల్ అని రాసుకున్న పరిధిలో 2.46 లక్షల మనిషి 1.58 లక్షలకి జారితే కంప్యూటర్‌కి ఏమీ అనిపించదు. చదివే డాక్టరుకి అనిపించాలి.

స్కోరుని అబద్ధం చేయగల కారణాలు

లివర్‌తో సంబంధం లేకుండా కూడా ఈ అంకెలు మారొచ్చు. అందుకని తర్వాతి మెట్టుకి వెళ్లే ముందు కొన్ని వెతికాం. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ కలిపిన ట్యూబులో కొందరి ప్లేట్‌లెట్లు గుంపుకట్టి, యంత్రం లెక్కలో తక్కువగా కనిపిస్తాయి. గాజు పలక మీద రక్తం పరిచి (స్మియర్) సూక్ష్మదర్శినిలో చూశాం, గుంపుల్లేవు. ఏఎస్‌టీ కండరాల్లోనూ ఉంటుంది. బరువులెత్తే వ్యాయామం చేసిన మర్నాడు రక్తం ఇస్తే ఫిబ్-4 ఊరికే పెరుగుతుంది, ఏ లివర్ జబ్బూ లేకపోయినా. కండరాల ఎంజైము సీకే నార్మల్‌గా ఉంది, థైరాయిడ్ బాగుంది. ఇటీవల వైరల్ జ్వరం ఏదీ రాలేదు. కొన్ని వారాల తర్వాత పరగడుపున మళ్లీ రక్తం తీస్తే ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 28, ప్లేట్‌లెట్లు 1,54,000. ఫిబ్-4 2.85. అంటే మొదటిది గాలివాటంగా వచ్చింది కాదు.

వేరే స్కోర్లూ చూశాం. ఏప్రి, అంటే ఏఎస్‌టీని ల్యాబు గరిష్ఠ పరిమితితో భాగించి, ప్లేట్‌లెట్లతో భాగించి, వందతో గుణించేది, మొదటి రక్తం మీద 0.60 వచ్చింది. 0.5కీ 1.5కీ మధ్య, ఎటూ తేల్చని చోటు. ఏప్రి 2003లో హెపటైటిస్ సి రోగుల మీద పుట్టింది. వాళ్లలో ఏఎస్‌టీ బాగా పెరిగి ఉండేది. ఏఎస్‌టీ నార్మల్‌గా ఉన్న ఫ్యాటీ లివర్ మనిషిలో అది అంత పదును చూపించదు. ఫ్యాటీ లివర్ కోసమే కట్టిన ఎన్‌ఏఎఫ్‌ఎల్‌డీ ఫైబ్రోసిస్ స్కోరు 1.15 వచ్చింది, పై హద్దు 0.676 దాటితే ముదిరిన ఫైబ్రోసిస్ అనుమానించాలి. కానీ దాన్ని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. ఆ సూత్రంలో మధుమేహం ఉంటే చాలు 1.13 కలిసిపోతుంది, బీఎంఐ వల్ల ఇంకాస్త. లావుగా ఉన్న షుగర్ రోగుల్లో చాలామందికి లివర్ ఎలా ఉన్నా అది కింది హద్దు దాటి కూర్చుంటుంది.

ఫిబ్-4 కూడా అరువు తెచ్చుకున్నదే. 2006లో హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి రెండూ ఉన్నవాళ్ల కోసం తయారైంది, అప్పటి హద్దులు 1.45, 3.25. ఫ్యాటీ లివర్‌కి 1.3, 2.67 తర్వాత వచ్చాయి. 65 దాటినవాళ్లకి కింది హద్దు 2.0గా తీసుకోవాలి, లేకపోతే వయసు ఒక్కటే ఆరోగ్యవంతుల్ని కూడా అనుమానితుల్ని చేస్తుంది. 35 లోపువాళ్లలో దీని మాట నమ్మకూడదు. ఈ రెండోదే ప్రమాదకరం. 31 ఏళ్ల యువకుడొకరు, ఏఎస్‌టీ 44, ఏఎల్‌టీ 78, ప్లేట్‌లెట్లు 2,32,000. ఫిబ్-4 0.67, హాయిగా ఇంటికి పంపేసే అంకె. లివర్ ఎంత బిగుసుకుందో ధ్వని తరంగాలతో కొలిచే ఎలాస్టోగ్రఫీలో 12.6 కిలోపాస్కల్స్ వచ్చింది, ముదిరిన ఫైబ్రోసిస్ అనుమానించాల్సిన అంకె. ఆయనకి వయసు స్కోరుని కిందికి లాగింది, ఏఎల్‌టీ ఎక్కువ ఉండటం ఇంకా కిందికి లాగింది, అది హారంలో ఉంటుంది కదా. వాపు జోరుగా ఉన్న లివర్‌కి ఈ సూత్రం తక్కువ మార్కులు వేస్తుందన్న సంగతి చాలామంది గమనించరు.

మచ్చని నేరుగా అడిగే పరీక్షలు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పరోక్ష గుర్తులు. మచ్చ వల్ల చుట్టూ జరిగే మార్పుల్ని కొలుస్తాయి తప్ప మచ్చని కాదు. నేరుగా కొలిచేవాటిలో బాగా పరీక్షకి నిలిచింది ఈఎల్‌ఎఫ్ అనే రక్త పరీక్ష. ఇందులో మూడు పదార్థాలుంటాయి. లివర్ గాయపడినప్పుడు అందులోని స్టెల్లేట్ కణాలు మేల్కొని మచ్చకి ముడిసరుకైన కొల్లాజెన్ తయారుచేయడం మొదలుపెడతాయి. ప్రోకొల్లాజెన్ 3 నుంచి కొల్లాజెన్ 3 తయారయ్యేటప్పుడు తెగిపడే ముక్క పీఐఐఐఎన్‌పీ, ఇది మొదటిది. రెండోది హయలురానిక్ ఆమ్లం: స్టెల్లేట్ కణాలు దీన్ని ఎక్కువ వదులుతాయి, సైనుసాయిడ్ కణాలు దెబ్బతిని దీన్ని తీసేయలేకపోతాయి, రెండు వైపులా పెరుగుతుంది. మూడోది టింప్-1. మచ్చని కరిగించే ఎంజైములకి ఇది అడ్డం పడుతుంది. మచ్చ వేయడం, మచ్చ తీయడం అనే రెండు పనుల మధ్య తూకం ఎటు మొగ్గుతోందో ఈ మూడూ కలిసి చెప్తాయి. అందుకని ఈఎల్‌ఎఫ్ మచ్చ ఎంత పేరుకుందనే దానికంటే ఎంత చురుగ్గా పేరుకుంటోందనే దానికి దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. అమెరికా ఎఫ్‌డీఏ 2021లో దీన్ని అనుమతించింది కూడా ముదిరిన ఫైబ్రోసిస్ ఉన్నవాళ్లలో జబ్బు ముందుకు నడిచే ముప్పుని అంచనా వేయడానికే.

దీనికీ బలహీనతలున్నాయి. తిన్న తర్వాత హయలురానిక్ ఆమ్లం పెరుగుతుంది, పరగడుపున తీయడం మేలు. వయసుతో పెరుగుతుంది. రుమటాయిడ్ కీళ్లవాతం, ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ లాంటివి ఉంటే లివర్ బాగున్నా పెరుగుతుంది. కీళ్ల వాపు, పొద్దున్నే బిగుసుకుపోవడం ఉన్నాయా అని అడిగాం, లేవన్నారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఈఎల్‌ఎఫ్ 10.8. సాధారణంగా 9.8 దాటితే ముదిరిన ఫైబ్రోసిస్ వైపు చూడాలి, 11.3 దాటితే సిరోసిస్ భయపడాలి. ఫ్యాటీ లివర్‌లో ముదిరిన ఫైబ్రోసిస్‌కి బ్రిటన్‌లో నైస్ సంస్థ పెట్టిన హద్దు 10.51. ముదిరిన ఫైబ్రోసిస్‌కి ఏ హద్దు తీసుకున్నా ఈయన అవతలి వైపే, సిరోసిస్ హద్దుకి మాత్రం ఇవతలే.

ఫైబ్రోటెస్ట్ చేయించలేదు. ఆల్ఫా-2-మాక్రోగ్లోబ్యులిన్, హాప్టోగ్లోబిన్, అపోలిపోప్రోటీన్ ఏ1, జీజీటీ, బిలిరుబిన్‌లతో లెక్కకట్టే మంచి పరీక్షే అది. గిల్బర్ట్ సిండ్రోమ్ వల్ల బిలిరుబిన్ పెరిగినా, రక్తకణాలు విచ్ఛిన్నమై హాప్టోగ్లోబిన్ పడిపోయినా తప్పుదారి పడుతుంది. ఈయనకి ఆ అడ్డంకులేం లేవు. కాకపోతే చేతిలో ఈఎల్‌ఎఫ్ ఉన్నాక ఇంకో రక్త పరీక్ష కొత్తగా చెప్పేదేమీ ఉండదు. ఆ స్థానంలో వేరే జాతి పరీక్ష కావాలి. ఎలాస్టోగ్రఫీ చేశాం, మూడు గంటలు ఏమీ తినకుండా, లావుగా ఉన్నవాళ్లకి వాడే ఎక్స్‌ఎల్ ప్రోబ్‌తో: 13.1 కిలోపాస్కల్స్, మధ్యస్థంతో పోలిస్తే రీడింగుల చెదురు 14 శాతం. 30 శాతం లోపు ఉంటే నమ్మదగిందే. రక్తం, ధ్వని తరంగం వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే చోట కలిశాయి.

మరి బయాప్సీ ఎందుకు?

ఇంతవరకూ వస్తే మామూలుగా బయాప్సీ, అంటే సూదితో లివర్ ముక్క తీసి చూడటం, చేయను. ఈ కేసులో చేయడానికి కారణం వేరు. జబ్బుకి మూలం వెతికే పరీక్షల్లో హెపటైటిస్ బి, సి లేవు, ఐరన్ బాగుంది, కానీ సొంత కణాల మీదికే తిరిగే యాంటీబాడీ ఏఎన్‌ఏ 1:160 పాజిటివ్, ఐజీజీ అనే యాంటీబాడీల మోతాదు గరిష్ఠ పరిమితికి కాస్త పైన. ఫ్యాటీ లివర్‌లో తక్కువ స్థాయి ఏఎన్‌ఏ సాధారణమే. అయినా ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (సొంత రోగనిరోధక శక్తే లివర్‌ని దెబ్బతీసే జబ్బు) అయితే చికిత్స పూర్తిగా మారిపోతుంది, స్టెరాయిడ్లు ఇవ్వాలి, మధుమేహం ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు. ఫైబ్రోసిస్ మార్కర్లు మచ్చ ఉందో లేదో చెప్తాయి, దేనివల్ల వచ్చిందో చెప్పవు. మా విభాగంలో ఒక సహోద్యోగి ఎంఆర్‌ఐ సరిపోతుందని వాదించారు. ఎంఆర్‌ఐ కూడా ఆ ప్రశ్నకి జవాబివ్వదు.

ముక్క పొడవు 22 మిల్లీమీటర్లు, పోర్టల్ ట్రాక్టులు (రక్తనాళాలు, పిత్తనాళం కలిసి ఉండే చోట్లు) 12. కొవ్వు, ఉబ్బిన కణాలు, అంటే కొవ్వుతో వచ్చిన లివర్ వాపు (స్టియటోహెపటైటిస్). ప్లాస్మా కణాల దాడి లేదు, ఆటోఇమ్యూన్ అనుమానం తీరింది. ఫైబ్రోసిస్ ఎఫ్3, వంతెనల్లా కలిసిన మచ్చలు. ఒక చివర మాత్రం గడ్డలు గడ్డలుగా (నాడ్యూల్స్‌గా) మారే తీరు కనిపిస్తోందనీ, సిరోసిస్‌ని పూర్తిగా కొట్టిపారేయలేననీ పాథాలజిస్టు రాశారు. సూది తెచ్చేది లివర్‌లో దాదాపు యాభై వేలవ వంతు. ఆ వంతు చూసి ఎఫ్3 అనో ఎఫ్4 అనో ప్రమాణం చేయమనడం ఆయన మీద అన్యాయం. రక్త పరీక్షల కచ్చితత్వాన్ని ఈ బయాప్సీతోనే కొలుస్తామన్నది గుర్తుంచుకుంటే, పరీక్ష తప్పిందని మనం అనుకునే కొన్ని సందర్భాల్లో తప్పు కొలబద్దది కూడా అయి ఉండొచ్చు.

ఆచరణలో ఆయన్ని ముదిరిన దీర్ఘకాలిక లివర్ జబ్బు, ఇంకా బాగానే పనిచేస్తున్న లివర్ అన్న గాటన కట్టాం. ఆరు నెలలకోసారి లివర్ క్యాన్సర్ కోసం అల్ట్రాసౌండ్ మొదలైంది. స్టాటిన్ ఆపాలా అని ఆయన అడిగారు, ఎవరో భయపెట్టారట. ఆపొద్దన్నాం. ఈ దశలో లివర్ కంటే గుండె వల్ల వచ్చే ముప్పు ఏమీ తక్కువ కాదు.

చికిత్స, ఆ తర్వాతి అంకెలు

మచ్చ వెనక్కి తగ్గాలంటే బరువు పది శాతమైనా తగ్గాలి. ఫైబ్రోసిస్ దాకా వచ్చిన ఈ జబ్బుకి అనుమతి పొందిన మందులు ఇప్పుడున్నాయి. రెస్మెటిరోమ్‌కి ఎఫ్‌డీఏ 2024 మార్చిలో, సెమాగ్లుటైడ్‌కి 2025 ఆగస్టులో అనుమతి వచ్చింది. రెండూ సిరోసిస్ లేని ఎఫ్2, ఎఫ్3 వాళ్లకే. మధుమేహం, బరువు రెండూ ఉన్న మనిషి కాబట్టి ఈయనకి సెమాగ్లుటైడ్ ఎంచుకున్నాం. ఆ మందు మూడో దశ పరీక్షలో 72 వారాలకి ఫైబ్రోసిస్ ఒక మెట్టయినా దిగినవాళ్లు 36.8 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 22.4 శాతం. ఆ రెండో అంకె చూసి రోగులు ఆశ్చర్యపోతారు. కొంతమంది తిండి, నడక మార్చుకుని నిజంగానే మెరుగవుతారు, కొంత బయాప్సీ చోటు మారడం వల్ల వచ్చిన తేడా.

మొదట్లో చెప్పిన రాళ్ల సంగతి ఇక్కడ మళ్లీ ముఖ్యమైంది. బరువు వేగంగా తగ్గినా, ఈ రకం మందులు వాడినా పిత్తాశయ సమస్యలు పెరుగుతాయి. మోతాదు నెమ్మదిగా పెంచాం. కుడి పక్కటెముకల కింద నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం, వీటిలో ఏది వచ్చినా అదే రోజు రమ్మని చెప్పాం. ఏదీ రాలేదు.

ఏడాది దాటాక బరువు 11 శాతం తగ్గింది. ఏఎస్‌టీ 27, ఏఎల్‌టీ 24, ప్లేట్‌లెట్లు 1,66,000. 59 ఏళ్ల వయసుతో ఫిబ్-4 1.96. ఈఎల్‌ఎఫ్ 10.1. ఎలాస్టోగ్రఫీ 9.6 కిలోపాస్కల్స్. "అంటే మచ్చ పోయినట్టేనా డాక్టర్ గారూ?" అన్నారు.

పోలేదనే చెప్పాను. ఫిబ్-4 తగ్గడంలో ఎక్కువ భాగం ఏఎస్‌టీ దిగడం వల్లే. కాలిక్యులేటర్‌లో ఏఎస్‌టీ ఒక్కటి పాతది, అంటే 40, పెట్టి చూస్తే స్కోరు 2.9కి వెళ్లిపోతుంది. ఏఎస్‌టీ తగ్గడం వాపు తగ్గడానికి గుర్తు, మచ్చ కరగడానికి కాదు. ఎలాస్టోగ్రఫీ కూడా వాపు తగ్గితే కొంత తగ్గుతుంది. నాకు కాస్త ధైర్యం ఇచ్చినవి వేరే రెండు. ఈఎల్‌ఎఫ్ కదలిక ఒకటి, కొల్లాజెన్ తయారీ నెమ్మదించిందని అది సూచిస్తోంది. ఐదేళ్లుగా జారుతున్న ప్లేట్‌లెట్లు ఆగడం రెండోది. 12 వేల పెరుగుదల ఒక్క రిపోర్టుతో ఏమీ రుజువు చేయదు, కానీ దిశ మారింది. ఎలాస్టోగ్రఫీ పది కంటే కిందికి రావడం, 27 శాతం తగ్గడం లివర్ నిపుణుల బవేనో 7 ఒప్పందం ప్రకారం లెక్కలోకి వచ్చే తగ్గుదలే.

ఎండోస్కోపీ చేయలేదు. ఎలాస్టోగ్రఫీ 20 కిలోపాస్కల్స్ లోపు, ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉంటే అన్నవాహికలో చికిత్స అవసరమైన ఉబ్బు సిరలు ఉండే అవకాశం చాలా తక్కువ. ఆ రెండు అంకెలు ఏడాదికోసారి చూస్తాం, ఏ ఒక్కటి గీత దాటినా ఎండోస్కోపీ. క్యాన్సర్ కోసం చేసే స్కాన్లు మాత్రం స్కోర్లు ఎంత తగ్గినా ఆపబోవడం లేదు. ఆయన తమ్ముడికి కూడా మధుమేహం ఉందని తెలిసి పిలిపించాం, ముదిరిన ఫైబ్రోసిస్ కుటుంబాల్లో గుంపుగా కనిపిస్తుంది కాబట్టి. 51 ఏళ్లు, ఏఎస్‌టీ 31, ఏఎల్‌టీ 44, ప్లేట్‌లెట్లు 2,38,000. ఫిబ్-4 1.00. ఇప్పటికి ఎలాస్టోగ్రఫీ అక్కర్లేదు. ఈ మూడు అంకెలూ తేదీతో సహా ఒక కాగితం మీద రాసిచ్చి, వచ్చే ఏడాది రక్తం ఇచ్చేటప్పుడు అది వెంట తెచ్చుకోమన్నాం.